గాల్లో ఆగిన కండువా

భుజం మీద వీడియో కెమెరా ఉన్న మనిషికి ఆ రోజుల్లో ఎంత విలువ ఉండేదో ఇప్పుడు చెబితే మా ఇంట్లోవాళ్ళే నవ్వుతారు. పెళ్ళిలో అయ్యగారు కూర్చోమంటే జనం నిలబడేవాళ్ళు, పెళ్ళికూతురి తండ్రి భోజనానికి లేవమంటే ఇంకా గట్టిగా కూర్చునేవాళ్ళు, కానీ నేను లైటు వేసి చెయ్యి ఎత్తానంటే ముత్తవ్వ దగ్గర్నుంచి మునిమనవడి దాకా నోరు మూసుకుని నావైపు తిరిగేవాళ్ళు. తొంభైల చివర్లోని మాట ఇది. మాది పుంగనూరు, పని మదనపల్లెలో ఒక స్టూడియోలో. తొమ్మిదో తరగతి సగంలో నేను బడిని వదిలేశానని మా నాయన అంటాడు, బడే నన్ను వదిలేసిందని మా లెక్కల అయ్యవారు అనేవాడు. ఏదైతేనేం, ఇద్దరం సుఖపడ్డాం. చదువుకున్నవాళ్ళు ఆఫీసుల్లో ఎవరెవరికో లేచి నిలబడుతున్న వయసులో నేను తహసీల్దారును కూడా "సార్, అరిటాకు ముందు కొంచెం నవ్వు మొహం పెట్టండి" అనేవాణ్ణి, ఆయన పెట్టేవాడు.

మా పక్క పెళ్ళి వీడియోకు ఒక శాసనం ఉండేది. వచ్చినవాళ్ళలో ఒక్క మొహం కూడా తప్పిపోకూడదు. భోజనాల బంతిలో కూర్చున్న ప్రతి మనిషి మీదా కెమెరా నిలబడాలి, వాళ్ళు నమలడం ఆపి నన్నే చూస్తూ ఉండాలి. ఫలానా చిన్నాయన పడలేదని తెలిస్తే ఆ రెండు కుటుంబాల మధ్య రాకపోకలు ఆగిపోయేవి, ఆ పాపం నా మెడకు చుట్టుకునేది. ఇక దానికంటే పెద్ద సంగతి, కెమెరాలో పడనిది జరగనట్టే లెక్క. తాళి కట్టేటప్పుడు ఏ అవ్వో అడ్డం వచ్చిందంటే, అయ్యగారితో సహా అందరూ మళ్ళీ యథాస్థానాలకు పోయి, పెళ్ళికొడుకు చేతులు మళ్ళీ పెట్టి కట్టినట్టు చూపించాల్సిందే. (ఒక కొత్త అల్లుడు, తన కాళ్ళు కడిగింది పడలేదని తెలిసి, పోయి మట్టిలో నాలుగడుగులు నడిచి వచ్చి మళ్ళీ పీట మీద కూర్చున్నాడు. మామ మళ్ళీ చెంబు అందుకున్నాడు.) ఈ చట్టం పెళ్ళిళ్ళకే కాదు, ప్రపంచమంతటికీ వర్తిస్తుందని నా నమ్మకం. ఆ నమ్మకంతోనే హైదరాబాదు పోయాను.

తీసుకుపోయినవాడు చేర్మన్ అన్న. ఆయన అప్పటికి దేనికీ చేర్మన్ కాదు. కావాలని ఆశ, అందుకని ఊరు ముందే పిలవడం మొదలుపెట్టింది. పేరు ముందు బస్సులో వచ్చేసింది, పదవి వెనక బస్సులో వస్తాందని నేను అనేవాణ్ణి, ఆయన లేనప్పుడు. ఒక సాయంత్రం స్టూడియోకు వచ్చి నన్ను బయటికి పిలిచాడు.

"ఒరే, హైదరాబాదులో మన పార్టీ మహాసభ పెట్టినారు. మన పక్కనుంచి బస్సులు ఎత్తుతాండాను. పార్టీ పెద్దాయన నన్ను స్టేజీ మీదికి పిలిచి కండువా కప్పుతాడు. అది నీ క్యాసెట్లో పడల్ల."

"పడుతుందిలేన్నా. పడితే నాకేమి?"

"పుంగనూరు బస్టాండు కాడ మన రూము కాళీగా ఉండాది గదా. కండువా పడితే రూము నీది, స్టూడియో పెట్టుకో. పడకపోతే, ఇంగ నిన్ను పెండ్లిండ్లకు కాదు గదా, తద్దినానికి గూడా ఎవురూ పిలవరు."

ఆ రూము మీద నాకు ఎప్పట్నుంచో కన్ను. బస్సు దిగినవాడు తల ఎత్తితే కనబడేది అదే. దాని నెత్తిన నా బోర్డు ఏ రంగులో ఉండాలో కూడా ఖాయం చేసి పెట్టుకున్నాను. కండువా కప్పడం ఎంతసేపు, తీయడం ఎంతసేపు. రూము తాళం చెవి జేబులో పడినట్టే అనుకుని బస్సెక్కాను.

అయితే బస్సులు నిండాలని చేర్మన్ అన్న ఊరూరా ఒక మాట చెప్పి వచ్చాడని నాకు తెలియదు. "రాండి, మీరందరూ వీడియోలో పడతారు" అన్నాడంట. సోమల బస్సు, పుంగనూరు బస్సు, గుడుపల్లె వాళ్ళను ఎక్కించుకున్న కుప్పం బస్సు, అన్నీ పొద్దున్నే హైదరాబాదులో దిగేసరికి అందరూ నూనె పెట్టి దువ్విన తలలతో, మడత విప్పని బట్టలతో నా ముందు నిలబడ్డారు. సభ సాయంత్రం. అంతవరకూ మైదానంలో కూర్చోమని చేర్మన్ అన్న చేతులు జోడించాడు. ఆ జోడించిన చేతుల పక్కనుంచే జనం రోడ్డు మీదికి పోయారు. నేను కదలకుండా నిలబడితే సోమల అవ్వ ఒకామె నా చొక్కా కొస పట్టుకుంది. బక్కపలచని మనిషి, పట్టు మాత్రం పట్టుకారు.

"నువ్వు ఈడ ఉండి ఏం తీస్తావప్పా, కాళీ కుర్చీలనా? మేం చార్మినారు కాడికి పోతాండాం. మాతో రా."

"అవ్వా, నేను అన్న కోసం వచ్చినాను."

"అన్న సాయంత్రం గదా పడేది. మేం పొద్దున పడతాం. యాల మొండికేస్తావు?"

పెళ్ళివీడియో శాసనం ప్రకారం ఆమె మాటలో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. బ్యాటరీలు బెల్టులా నడుముకు కట్టుకుని కదిలాను.

చార్మినారు ముందు సోమల బస్సంతా రెండు వరసల్లో నిలబడింది. వీడియో అంటే కదలాలని ఎన్ని ఊళ్ళలో ఎన్నిసార్లు చెప్పానో, అయినా కెమెరా కనబడితే మా వాళ్ళు ఊపిరి బిగబట్టి ఫోటోకు నిలబడ్డట్టే నిలబడతారు. వెనక ఆటోలు పోతున్నాయి, బుర్ఖాల ఆడవాళ్ళు బేరాలాడుతున్నారు, పావురాలు లేచి వాలుతున్నాయి, మధ్యలో మా వాళ్ళు మాత్రం రాతిబొమ్మలు. "కదలండప్పా, ఏదన్నా మాట్లాడుకోండి" అన్నాను. కొంచెంసేపటికి ఒకాయన పెదవులు కదపకుండా, "ఏం మాట్లాడల్ల?" అన్నాడు. గాజుల అంగట్లో మాత్రం వాళ్ళకు ప్రాణం వచ్చింది. అంగడాయనకు తెలుగు రాదు, సోమల అవ్వకు అది తప్ప ఏమీ రాదు. ఇద్దరూ ఎవరి భాషలో వాళ్ళు అరిచి, అలిగి, అవ్వ నాలుగడుగులు పోయి, ఆయన పిలిచి, చివరికి ఆయనే ఆమె చెయ్యి పట్టుకుని గాజులు ఎక్కించాడు. గాజులు ఎక్కేటప్పుడు నొప్పికి ఆమె మొహం ముడుచుకోవడం, ఎక్కాక చెయ్యి ఊపి శబ్దం విని చిన్నపిల్లలా నవ్వడం, అన్నీ నిదానంగా తీశాను. అక్కడికి ఒక బ్యాటరీ అయిపోయింది.

ఇంకో వీధిలో గుడుపల్లె పెద్దాయన దొరికాడు. ఎర్రటి తలపాగాతో చెవుల్లో గుబిలి తీసేవాడు ఒకడు ఉంటే, వాడి ముందు గొంతుకూర్చుని తల వంచేశాడు. పెద్దాయన వాడితో కన్నడంలో మొదలుపెట్టి, అరవంలోకి దిగి, ఆఖరికి తెలుగుకు వచ్చాడు.

"నిదానంగా తియ్యప్పా, ఆ చెవులోనే మా ఇంటామె మాటలన్నీ ఉండాయి."

నేను కెమెరా మీది చిన్న లైటు వేశాను. పట్టపగలు లైటెందుకని మీరు అడగవచ్చు. లైటు వేయకపోతే నా మాట ఎవరూ వినరని నా భయం. దాంతో జనం మూగారు. సైకిళ్ళు ఆగాయి, సమోసాల బండి ఆగింది, పైన కిటికీలు తెరుచుకున్నాయి. ఒక కుర్రాడు నా చెవిలో, "ఏం షూటింగ్ భాయ్? హీరో ఎవరు?" అన్నాడు. నేను పెద్దాయన వైపు చెయ్యి చూపించాను. కుర్రాడు కాసేపు చూసి, "కొత్త హీరోనా?" అన్నాడు. "మొదటి పిక్చరే" అన్నాను. నిమిషంలో ఆ సంగతి వీధి చివరిదాకా పోయింది. ఇరానీ హోటలు వాడు పెద్దాయనకు ఉచితంగా చాయ్ పంపాడు. ఆయన దాన్ని సాసరులో పోసుకుని ఊదుకుని తాగుతుంటే జనం నిశ్శబ్దంగా చూశారు. రెండంతస్తుల బస్సు ఒకటి పోవడానికి దారిలేక హారన్ కొడుతూ ఉంది. "ఆ బస్సును కొంచెం ఎనక్కి పొమ్మను" అని నేను కేక వేశాను. (అది పోలేదు. పై అంతస్తులోవాళ్ళు మాత్రం తలలు దువ్వుకున్నారు.) ట్రాఫిక్ పోలీసు ఒకాయన లాఠీ ఊపుకుంటూ వచ్చాడు. "సార్, మీ నీడ పడతాంది" అన్నాను, అలవాటుగా. ఆయన ఉలిక్కిపడి పక్కకు తప్పుకుని, టోపీ సర్దుకుని, కడుపు లోపలికి పీల్చుకుని నిలబడ్డాడు. తీయక తప్పుతుందా. అక్కడ ఇంకో బ్యాటరీ అయిపోయింది.

ఇట్లా ఒక్కో వీధికీ ఒక్కో గుంపు. నన్నెవరూ అడుక్కోలేదు, తమకు రావాల్సింది వసూలు చేసుకున్నట్టు పిలిచేవాళ్ళు. మైదానానికి తిరిగి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. కెమెరాలో మిగిలిన బ్యాటరీ అంచులో ఉంది, క్యాసెట్ కూడా కొనకు వచ్చింది. స్టేజీ ముందు సముద్రంలా జనం. ఎన్ని జిల్లాలు కదిలి వచ్చాయో, పెళ్ళిళ్ళన్నీ కలిపి ఒకేచోట పెట్టినట్టుంది. భుజాలతో తోసుకుంటూ ముందుకు పోతుంటే చేర్మన్ అన్న స్టేజీ మెట్లు దిగుతూ కనిపించాడు. మెడలో కొత్త కండువా. మొహంలో వెలుగు.

"పడిందా?" అన్నాడు.

"ఏమిటిన్నా?"

ఆ వెలుగు ఆరిపోవడం నా కళ్ళతో చూశాను. "ఒరే, ఇప్పుడే గదరా కప్పినాడు. నువ్వు యాడుండావు?"

"చెవుల కాడున్నాన్నా" అన్నాను. అది నిజం, కానీ ఆ సమయానికి సరిపోయే జవాబు కాదు. ఆయన మెట్టు మీదే కూర్చున్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు ఇంకా ధైర్యంగా ఉండేది. కండువా కొసను వేళ్ళతో నలుపుతూ, "ఊర్లో ఎవుడు నమ్ముతాడురా? అంగట్లో కొనుక్కున్నాడంటారు" అన్నాడు, నెమ్మదిగా. బస్టాండు రూము నా కళ్ళముందు తలుపు మూసుకుంది.

కానీ నేను వచ్చింది పెళ్ళిళ్ళ దేశంనుంచి. తాళి పడకపోతే ఏం చేస్తాం? "లే అన్నా, మళ్ళీ కప్పిస్తాం" అన్నాను. ఆయన నా మొహంలోకి చూసి, నేను తమాషాకు అనడంలేదని అర్థమై, భయపడ్డాడు. అప్పటికే నేను స్టేజీ కిందికి దూరి కరెంటు డబ్బా కోసం వెతుకుతున్నాను. చీకటి పడుతోంది, లైటు కావాలి. నా పెద్ద లైటు అంటే ఆషామాషీ కాదు, పందిట్లో వెలిగిస్తే పెళ్ళికూతురి పౌడరు కారిపోయే రకం. ప్లగ్గు పెట్టి మీట నొక్కాను. టప్‌మని ఒక చప్పుడు. స్టేజీ మీద బల్బులు పోయాయి, ఫ్యాన్లు ఆగాయి, పైన పెద్దాయన ప్రసంగం ఒక మాట మధ్యలో తెగిపోయింది. మైకుసెట్టు మనిషి నెత్తి పట్టుకుని ఫ్యూజు వైపు పరుగెత్తాడు. ఆకాశంలో మిగిలిన కొంచెం వెలుతురే చాలనుకుని నేను మెట్లెక్కి స్టేజీ మీదికి పోయాను. ఎవరూ ఆపలేదు. చెప్పాను కదా, భుజం మీద కెమెరా ఉంది.

పెద్దాయన చచ్చిన మైకు ముందు నిలబడి ఉన్నాడు. గోడల మీది పోస్టర్లతో అందరికీ తెలిసిన ఆ మొహాన్ని అంత దగ్గరగా చూస్తే, పాపం, ఆకలిగా ఉన్న మామూలు మనిషిలా కనిపించాడు.

"ఎవరయ్యా నువ్వు?"

"వీడియో సార్. పుంగనూరు."

"ఏం కావాలి?"

"మా అన్నకు మీరు కండువా కప్పింది పడలేదు సార్. మళ్ళొకసారి కప్పితే సరిపోతాది. ఎట్లాగూ కరెంటు వచ్చేదాకా మీకు పని లేదు గదా."

పెద్దాయన మైకు వైపు చూశాడు, నా వైపు చూశాడు, మెట్ల దగ్గర సగం దాక్కున్న చేర్మన్ అన్న వైపు చూశాడు. "రావయ్యా, మళ్ళీ కప్పుకుందువు" అన్నాడు.

ఇక నేను నా పనిలోకి దిగాను. "సార్, మీరు కొంచెం ఎడమకు. అన్నా, తల వంచు. అంత వంచొద్దు, ఏదో పోగొట్టుకుని వెతుకుతాండేట్టు ఉండాది. సార్, నన్ను సూడొద్దు, అన్నను సూడండి. ఇప్పుడు కండువా పైకెత్తండి. ఇంకా పైకి. అట్లే ఆపండి సార్, అందరికీ కనపడల్ల." మంగళసూత్రం నలుగురికీ చూపించేటప్పుడు చెప్పే మాటే ఇది. పెద్దాయన రెండు చేతులూ ఎత్తి అట్లాగే ఆపాడు. ముందు వరసలో ఒకాయనను పక్కకు పంపాను, అడ్డం ఉన్న జెండాను దించమన్నాను, అన్నను నవ్వమన్నాను. ఆయన నవ్వడానికి కొంచెం టైము పట్టింది. పాపం పెద్దాయన చేతులు వణకడం మొదలైంది. "ఆ, ఇప్పుడు నిదానంగా దించండి" అన్నాను. కండువా చేర్మన్ అన్న భుజాల మీద వాలింది. జనం చప్పట్లు కొట్టారు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. అంతకుముందు కండువాలు కప్పించుకున్న తక్కిన జిల్లాలవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకాయన, "మాదీ పడలేదు" అన్నాడు. (వాళ్ళ వీడియోవాడు పక్కనే ఉన్నాడు, వాడు తీశాడు కూడా.) వరస కట్టారు. ఫ్యూజు వేసి కరెంటు వచ్చేదాకా పెద్దాయన అందరికీ మళ్ళీ కప్పాడు. మూడో మనిషి దగ్గర నేను కెమెరా గాజుకు కన్ను ఆనిస్తే లోపల నల్లగా ఉంది. బ్యాటరీ ఎప్పుడు చచ్చిందో తెలియదు, ఎందుకంటే అంతవరకూ నేను కంటితో కాదు, నోటితో పనిచేస్తున్నాను. అయినా కెమెరా దించలేదు. ఎదురుగా నవ్వుతూ నిలబడ్డ మనిషి ముందు కెమెరా దించడం మా వృత్తిలో లేదు. అన్నది మాత్రం పడే ఉంటుందిలే అనుకున్నాను.

ఊరికి వచ్చాక క్యాసెట్‌ను చేర్మన్ అన్న ఇంట్లోనే మొదటిసారి వేశాం. హాలు నిండా జనం, వరండాలో జనం, కిటికీలకు జనం. బస్సుల్లో వచ్చినవాళ్ళందరూ పిల్లాజెల్లాతో దిగారు. చేర్మన్ అన్న భార్య, మా అందరికీ వదిన, టీవీకి ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. మామూలుగా లోపలినుంచి కాఫీ గ్లాసులు పంపడమేగాని మగవాళ్ళ మధ్యకు వచ్చే మనిషి కాదు. ఆ రోజు గ్లాసులు కూడా పంపలేదు, కళ్ళు తిప్పలేదు. చార్మినారు ముందు రాతిబొమ్మలు వచ్చాయి, హాలు దద్దరిల్లింది. గాజుల బేరం వచ్చింది. గుడుపల్లె పెద్దాయన చెవి టీవీ అంత అయ్యింది. ఆయన తన చెవిని తానే చూసుకుని, "ఇంత ఉండాదా" అన్నాడు. పోలీసు కడుపు పీల్చుకున్నప్పుడు పిల్లలు మళ్ళీ వేయమని గోల చేశారు.

తర్వాత స్టేజీ. చేర్మన్ అన్న గొంతు సర్దుకుని ముందుకు జరిగాడు. పెద్దాయన కండువా పైకెత్తాడు. ఇంకా పైకెత్తాడు. ఆపాడు. అన్న నవ్వాడు. కండువా గాల్లో ఉంది. టీవీ నిండా చుక్కలు.

ఎవరో లేచి పోయి టీవీ నెత్తిన ఒకటి కొట్టారు.

"మళ్ళీ వెయ్" అన్నాడు అన్న. మళ్ళీ వేశాను. కండువా పైకి పోయింది, చుక్కలు. వెనకనుంచి ఎవరో, "ఆయప్ప ఇంగా ఆలోచిస్తాండాడు" అన్నారు. అన్న లేచాడు.

"ఊరందర్నీ తీసినావు, పావురాలను తీసినావు, చెవులో గుబిలి తీసినావు. నా కండువాకేనా కరువొచ్చింది? రూము లేదు, ఏం లేదు. క్యాసెట్టు ఆడ పెట్టి పో."

నేను కెమెరా సంచి అందుకున్నాను. గడప దాకా పోయాను.

"ఈడికి రాప్పా" అంది వదిన. పీట మీదనుంచి లేవలేదు. "ఆ గాజుల కాడికి తిప్పు."

తిప్పాను. సోమల అవ్వ మళ్ళీ అలిగి పోయింది, మళ్ళీ వచ్చింది, గాజులు ఊపింది. వదిన అది అయ్యేదాకా చూసి, తిరక్కుండానే మొగుడితో అంది.

"నువ్వు ఇన్నేండ్లు హైదరాబాదుకు పోతాండావు, వస్తాండావు. ఆడ ఏముండాదని అడిగితే దుమ్ము అంటావు. ఈ అవ్వ నగతాండేది దుమ్మును సూసేనా?"

చేర్మన్ అన్న గోడ వైపు చూశాడు.

"రూము మా నాయన నాకిచ్చింది. తాళం చెవి నా కొంగుకే ఉండాది" అని ముడి విప్పి నా వైపు చాచింది. "బోర్డు రాయించుకో. అది అయినాక ఒకరోజు మమ్మల్ని ఇద్దర్నీ ఆడికి తీసకపో. నన్ను ఆ నాలుగు గోపురాల కాడ తియ్యి. ఆయన సంచి పట్టుకోని ఎనక వస్తాడు."

అట్లా నాకు స్టూడియో వచ్చింది. చేర్మన్ అన్నకు పదవి మాత్రం రాలేదు. వెనక బస్సు దారిలో ఎక్కడో చెడిపోయినట్టుంది. కానీ ఆయన పేరు మాత్రం చెడలేదు. కండువా గాల్లో ఆగిన మనిషిని చూద్దామని పక్క ఊళ్ళవాళ్ళు చాలా కాలం ఆ ఇంటికి వచ్చేవాళ్ళు, ఆయన కూడా పోను పోను తానే రిమోటు పట్టుకుని, "ఇదో, ఈడ సూడండి, ఇప్పుడు చుక్కలు వస్తాయి" అని చూపించేవాడు. వదినను హైదరాబాదు తీసుకుపోయాను. చార్మినారు ముందు కదలకుండా ఊపిరి బిగబట్టి నిలబడింది. నేను కదలమని చెప్పలేదు.

ఇప్పుడు అదే రూములో పాస్‌పోర్టు ఫోటోలు తీస్తాను, జిరాక్సు తీస్తాను. వీడియోలు ఎవరికి వాళ్ళే తీసుకుంటున్నారు, తమ మొహం తప్ప ఇంకెవరి మొహం తప్పిపోయినా వాళ్ళకు గొడవ లేదు. మొన్న ఒక మూడేళ్ళ పిల్లవాణ్ణి ఫోటో కోసం ఇటు చూడమని బతిమాలితే వాడు గోడ మీద బల్లిని చూశాడు, అదే ఫోటో ఇచ్చి పంపాను. గొంతు అంత మెత్తబడిపోయింది. బేరం లేని మధ్యాహ్నాల్లో ఎప్పుడైనా ఆ పాత క్యాసెట్ వేసుకుంటాను. అందులో నేను ఎక్కడా కనపడను, గొంతు మాత్రం మొదటినుంచి చివరిదాకా ఉంది. ఎవడో కుర్రవాడు హైదరాబాదును తన పెరడు అనుకుని కేకలు వేస్తుంటాడు. బస్సులను వెనక్కి పొమ్మంటాడు, పోలీసులను పక్కకు పంపుతాడు, ఎంతటివాళ్ళనూ చేతులు దించనివ్వడు. "కొంచెం జరగండప్పా, అడ్డం ఉండారు" అని వాడు అరిచినప్పుడల్లా, రూములో ఎవరూ లేకపోయినా, నేను కుర్చీ కొంచెం పక్కకు జరుపుకుంటాను.